పిన్నీసు గుచ్చుకున్నా తెలియలేదు

సంక్రాంతికి ఊరు రాకుండా అండమాన్ వెళ్లడమే మా అమ్మ లెక్కలో మొదటి తప్పు. నలభై దగ్గర పడుతున్న మనిషి వీపుకి సిలిండర్ కట్టుకుని సముద్రంలోకి దిగడం రెండోది. రెంటికీ బాధ్యుడు మా తమ్ముడే. బెంగళూరులో ఉద్యోగం, డైవింగ్ పిచ్చి. కిందటేడు వాడే నన్ను హావ్‌లాక్ తీసుకెళ్లి డైవింగ్‌లో మొదటి మెట్టయిన నాలుగు రోజుల ఓపెన్ వాటర్ కోర్సు చేయించాడు. ఈసారి మా ఆయన కూడా వచ్చారు. ఆయనకి నీళ్లంటే బకెట్లో ఉన్నవే. మేము బోటెక్కితే ఒడ్డున కొబ్బరిచెట్టు కింద కూర్చుని మా చెప్పులకి కాపలా.

హావ్‌లాక్ పేరు 2018లో స్వరాజ్ ద్వీప్ అయింది. పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. నాకు పాత పేర్లే నోటికొస్తాయి, సర్దుకోండి.

అసలు విషయం చెప్పేముందు నా గురించి ఒక ముక్క చెప్పాలి. లేకపోతే ఇందులో వెటకారం అర్థం కాదు. నేను విజయవాడలో ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్తాను. సెకండియర్‌లో ద్రావణాల పాఠంలో హెన్రీ నియమం ఉంటుంది. పీడనం పెరిగితే ద్రవంలో వాయువు ఎక్కువ కరుగుతుంది, తగ్గితే బయటికొస్తుంది. దీని అనువర్తనాలు మూడు: సోడా సీసా, స్కూబా డైవర్లు, కొండలెక్కేవాళ్లు. డైవర్ పైకి వచ్చేటప్పుడు రక్తంలో కరిగిన నైట్రోజన్ బుడగలై కేశనాళికలకి అడ్డుపడుతుంది, దాన్నే బెండ్స్ అంటారు, అది బాధాకరం, ప్రాణాంతకం. అందుకే సిలిండర్లో 11.7 శాతం హీలియం, 56.2 శాతం నైట్రోజన్, 32.1 శాతం ఆక్సిజన్ నింపుతారు. ఈ అంకెలు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. పదమూడేళ్లుగా చెప్తున్నాను. ఎంట్రన్స్ పరీక్షలకి పనికొస్తాయని పిల్లల చేత బట్టీ కూడా పట్టించాను.

నిజానికి నాలాంటి సరదా డైవర్ల సిలిండర్లో హీలియం ఉండదు. మనం పీల్చే గాలినే వడగట్టి, అదిమి నింపుతారు. అందులో 78 శాతం నైట్రోజనే. కోర్సులో మొదటి రోజు ఈ మాట విన్నప్పుడు పదమూడు బ్యాచ్‌ల పిల్లలు నా కళ్లముందు మెదిలారు.

ఇక ఆ రోజు సంగతి. మొదటి రెండు రోజులూ రోజుకి రెండు డైవ్‌లు చేశాం. మూడో రోజు పొద్దున రెండు, మధ్యాహ్నం ఒకటి. పొద్దున అలలు ఎక్కువగా ఉండి బోటు మీదే వాంతయింది. తిన్న పూరీలు చేపలకి పోయాయి. తర్వాత నీళ్లు కూడా తాగబుద్ధి కాలేదు. మొదటి డైవ్‌లో ఎక్కువలో ఎక్కువ లోతు 17.8 మీటర్లు. నా సర్టిఫికెట్‌కి 18 దాకా అనుమతి ఉంది. రెండో డైవ్ చివర్లో మాస్క్‌లోకి నీళ్లొచ్చి, కంగారులో కాళ్లు గట్టిగా ఆడించి నాలుగైదు మీటర్లు ఒక్కసారిగా లేచాను. లోతు, సమయం, పైకి లేచే వేగం చూసే గడియారం లాంటి డైవ్ కంప్యూటర్ చేతికుంటుంది, అది కీచుకీచుమంది. ఇన్‌స్ట్రక్టర్ నా జాకెట్ పట్టుకుని ఆపాడు. ఆ తర్వాత ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాల సేఫ్టీ స్టాప్, అంటే కరిగిన నైట్రోజన్ మెల్లగా పోయేలా ఆగడం, పద్ధతిగానే చేశాం. మధ్యాహ్నం మూడోది నెమో రీఫ్‌లో, పది మీటర్లు కూడా లేదు. ఆ ఒక్క కూత తప్ప కంప్యూటర్ ఎక్కడా ఎర్ర గీత చూపించలేదు.

ఒడ్డుకొచ్చేసరికి రెండున్నర. చలేస్తోందని గదికెళ్లి వేడివేడి నీళ్లు పోసుకున్నాను. ఉష్ణోగ్రత పెరిగితే ద్రవంలో వాయువు కరిగే గుణం తగ్గుతుందన్నది కూడా అదే పాఠంలో ఉంటుంది. డైవ్ కాగానే ఒళ్లు కాగేలా స్నానం చెయ్యొద్దని ఎందుకంటారో తర్వాత ఆలోచిస్తే తెలిసింది.

తుడుచుకుంటుంటే పొట్ట మీద దురద. కాసేపటికి తొడల మీద కూడా. అద్దంలో చూసుకుంటే మామూలు దద్దుర్లలా ఉబ్బి లేవు. చర్మం కింద ఎవరో చేపల వల పరిచినట్టు ఎర్రగా, ఊదాగా గీతలు, మధ్యలో తెల్లటి గళ్లు. దాంతోపాటు విపరీతమైన నీరసం. మూడు డైవ్‌లు చేశాం కదా ఉండదా అనుకున్నాను. ముందు రాత్రి రొయ్యల కూర తిన్నాను, దాని పనే అనుకున్నాను. కాకపోతే జెల్లీ చేప తగిలి ఉంటుంది. వెట్‌సూట్ సబ్బు పడలేదేమో. కారణాలకేం కొదవ? ఒక్కదానికి మూడు దొరికాయి.

మా ఆయన తరఫు బంధువుల్లో ఒక డాక్టరుగారున్నారు. వీడియో కాల్ చేస్తే చూసి, "అలర్జీ అమ్మా, సెట్రిజిన్ వేసుకుని పడుకో" అన్నారు. ఆయన్ని తప్పు పట్టను. రొయ్యలు తిన్నానని చెప్పానే గానీ, గంట క్రితం దాకా సముద్రం అడుగున ఉన్నానని చెప్పలేదు. దాచాలని కాదు. చర్మం మీది దురదకీ దానికీ సంబంధం ఉంటుందని తట్టలేదంతే. మాత్ర వేసుకుని పడుకున్నాను.

జనవరిలో అక్కడ ఐదుంబావుకే సూర్యుడు దిగిపోతాడు. లేచేసరికి చీకటి. భోజనానికి బయల్దేరదామని చున్నీ భుజం మీద సర్దుకుని పిన్నీసు పెట్టుకోబోతే ఎడమచేతి వేళ్లకి అది అందడం లేదు. కనిపిస్తోంది, పట్టుకున్నాననే అనుకుంటున్నాను, మంచం మీద పడుతోంది. మూడోసారి గట్టిగా అదిమి పట్టుకున్నాను. చిటికెన వేలి పక్కన రక్తపు బొట్టు కనిపించాక తెలిసింది, మొన గుచ్చుకుందని. నొప్పి లేదు. మోచేతి నుంచి కిందికి సన్నగా చీమలు పాకుతున్నట్టుంది, అంతే.

అప్పుడు కూడా నాకు బెండ్స్ తట్టలేదు. ఎందుకో చాలాసార్లు ఆలోచించాను. పుస్తకంలో 'బాధాకరం' అని ఉంది. బెండ్స్ అంటే మనిషి కీళ్లు పట్టుకుని మెలికలు తిరిగిపోతాడని నా మనసులో బొమ్మ. ఆ పేరు వచ్చిందే అలా వంగిపోవడం వల్ల. నాకు ఏ నొప్పీ లేదు. నొప్పి లేనిది జబ్బెలా అవుతుంది? చెయ్యి కింద పెట్టి పడుకుని ఉంటాను, తిమ్మిరెక్కింది అనుకున్నాను.

భోజనాల దగ్గర గ్లాసు ఎడమచేత్తో తీసుకోబోయి వదిలేశాను. తమ్ముడు నా చేతివంక చూసి, "అక్కా, ఎప్పట్నుంచి?" అన్నాడు. చెప్పాను. పొట్ట మీద మచ్చల సంగతి కూడా చెప్పాను. వాడు ప్లేటు అక్కడే పెట్టేసి ఫోన్ తీశాడు. మా ఆయన, "తిననివ్వవోయ్, పొద్దున చూద్దాం" అంటే, "బావా, పొద్దునదాకా ఆగేది కాదిది" అన్నాడు. వాడు ఆయనకి ఎదురు మాట్లాడగా నేను చూసింది అదొక్కసారే.

పది నిమిషాల్లో ఇన్‌స్ట్రక్టర్ బైకు మీద ఆకుపచ్చ పెట్టె పట్టుకుని వచ్చాడు. అందులో ఆక్సిజన్. నన్ను వెల్లకిలా పడుకోబెట్టి మాస్క్ పెట్టించాడు. గట్టిగా పీల్చినప్పుడే ఆక్సిజన్ వదిలే రకం అది, అలా అయితే పక్క గాలి కలవకుండా పూర్తి ఆక్సిజన్ అందుతుంది. దీని లెక్క మాత్రం నాకు వెంటనే తలకెక్కింది. ఊపిరితిత్తుల్లో నైట్రోజన్ పాలు సున్నా అయితే రక్తంలో ఉన్నది అటువైపు దారి పడుతుంది. హెన్రీ నియమాన్నే తిరగేసి వాడుకోవడం. మాస్క్ మొహానికి బిగించి ఉండగా నవ్వొచ్చింది. భయంతో వచ్చే నవ్వు.

తర్వాత పరీక్షలు. కళ్లు మూసుకుని వేలితో ముక్కు తాకమన్నాడు. నేను చేతులు తోస్తుంటే వాళ్లు ఎదురు తోశారు. పిన్నీసు మొన, తల మార్చి మార్చి తాకిస్తూ ఏది మొనో చెప్పమన్నారు. లేపి, మడమ బొటనవేలికి ఆనేలా గీత మీద నడిచినట్టు నడిపిస్తే ఆరో అడుగులో ఎడమవైపు తూలాను. ఆ తర్వాత అందరిముందూ, "డైవ్ అయ్యాక యూరిన్ పాస్ చేశారా?" అని అడిగాడు. ఇదేం ప్రశ్న అనుకున్నాను. వెన్నుపాముకి దెబ్బ తగిలితే అది ఆగిపోవచ్చట. స్నానం చేసినప్పుడు వెళ్లానని చెప్తే అతని మొహం తేరుకుంది.

అర్ధగంట ఆక్సిజన్‌తో దురద పోయింది, మచ్చలు పలచబడ్డాయి. నేను లేచి కూర్చుని "తగ్గింది, ఇక వద్దు" అన్నాను. ఇన్‌స్ట్రక్టర్ నన్ను మళ్లీ పడుకోబెట్టాడు. తగ్గిందంటే అది అదేనని రుజువైనట్టు, నయమైనట్టు కాదు అన్నాడు. సిలిండర్ తీసేశాక మళ్లీ తిరగబెట్టినవాళ్లని చూశాడట.

తమ్ముడు ఈలోగా డాన్‌కి ఫోన్ కలిపాడు. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అని, అమెరికాలో నార్త్ కరోలినాలో ఉంటుంది. డైవింగ్ జబ్బులకి ఇరవైనాలుగు గంటలూ పలికే ఫోను. సభ్యత్వం లేకపోయినా సలహా చెప్తారు. అవతల ఒకావిడ, తొణకని గొంతు. మూడు రోజుల డైవ్‌లు, ఒక్కోదానికి లోతు, ఎంతసేపు, మధ్యలో ఎంత విరామం, ఆఖరిసారి నీళ్లలోంచి ఎప్పుడొచ్చారు, మొదటి లక్షణం ఎన్నింటికి, తర్వాత ఏది, విమానం ఎక్కారా, కొండ ఎక్కారా. కంప్యూటర్ చూసి తమ్ముడు చదువుతుంటే ఆవిడ రాసుకుంటోంది. చర్మం మీద మచ్చలతోపాటు తిమ్మిరి, తూలడం ఉన్నాయి కాబట్టి దీన్ని చిన్నదిగా తీసుకోవద్దని, గాలి పీడనం పెంచి వైద్యం చేసే చాంబర్‌కి చేరాలని, అప్పటిదాకా ఆక్సిజన్ ఆపొద్దని చెప్పింది. మళ్లీ నీళ్లలోకి దింపితే బుడగలు కరిగిపోతాయి కదా అని తమ్ముడి స్నేహితుడొకడు సలహా ఇచ్చాడు. ఆవిడ ఆ మాట పూర్తి కానివ్వలేదు.

ఊళ్లోని ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లారు. డ్యూటీలో ఉన్న డాక్టరు పాతికేళ్ల కుర్రాడు. "ఇది మందులతో తగ్గేది కాదు మేడమ్, ఇక్కడ నేను చెయ్యగలిగింది సెలైన్, ఆక్సిజన్, ఉత్తరం" అన్నాడు. ఆ ముక్క అలా సూటిగా చెప్పినందుకు ఇప్పటికీ అతనంటే గౌరవం. పోర్ట్ బ్లెయిర్‌కి రాత్రి పడవలు లేవు. హెలికాప్టర్ మాట వచ్చి పోయింది. చీకట్లో కుదరదు, పైగా ఎత్తుకి ఎగిరితే బయటి పీడనం తగ్గి లోపలి బుడగలు ఇంకా ఉబ్బుతాయి. రాత్రంతా సిలిండర్లు మారుస్తూ గడిపారు. డైవింగ్ సెంటర్లవాళ్లు పోటీ మరిచి తమ దగ్గరున్నవన్నీ తెచ్చిచ్చారు.

ఆ రాత్రే అమ్మ ఫోన్ చేసింది. మా ఆయనకి అబద్ధం చెప్పడం రాదు. "దిష్టి తగిలింది అమ్మాయ్, సముద్రం ఒడ్డున జుట్టు విరబోసుకుని ఫొటో పెట్టావుగా" అంది. నాకున్న మూడు కారణాలకి ఇది నాలుగోది.

పొద్దున మొదటి పడవలో రెండు గంటల ప్రయాణం. జెట్టీ నుంచి అంబులెన్స్‌లో నేవీవాళ్ల ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ ధన్వంతరికి. నౌకాదళానికి సొంత డైవర్లుంటారు కాబట్టి ఈ చాంబర్ అక్కడుంది. ఆ రోజు నాకు అదే దిక్కు. గేటు దగ్గర కాగితాలకి కాస్త సమయం పట్టింది గానీ, లోపలికెళ్లాక 'డైవింగ్' అన్న ఒక్క మాటతో పనులు పరుగెత్తాయి. ముందు రోజు మధ్యాహ్నం వీడియో కాల్‌లో నేను చెప్పని మాట అదే.

చాంబర్లోకి వెళ్లేముందు ఒకామె వచ్చి నా తల తడిమి చూసింది. "కొబ్బరినూనె రాసీసినావేటమ్మా?" అంది. ప్రాణం లేచొచ్చింది. వాళ్ల తాత టెక్కలి దగ్గర్నుంచి వచ్చేశాడట, పోర్ట్ బ్లెయిర్ నిండా శ్రీకాకుళం జనమే. పీడనం పెంచి ఆక్సిజన్ వాడే చోట నూనె, సెంటు, నైలాన్ బట్ట, ఫోను, అగ్గిపెట్టె ఏదీ ఉండకూడదు. చిన్న నిప్పురవ్వ చాలు. షాంపూతో తల రుద్ది, నూలు పైజమా చొక్కా తొడిగి, "పొద్దుగాల్నే నూనెట్టుకొని నిప్పుల కొలిమిలోకి పోతారేటి" అని గొణుక్కుంటూ జడ బిగించింది.

చాంబరంటే ఇనుప గొట్టం. పెద్ద పాల ట్యాంకర్ లోపల కూర్చున్నట్టుంటుంది. గుండ్రటి కిటికీలు, రెండు బెంచీలు, నాతోపాటు ఒక అటెండెంట్. తలుపు బిగించి గాలి వదిలేసరికి హోరు, ఉక్క. చెవులు పట్టేస్తుంటే నీళ్లలో చేసినట్టే ముక్కు మూసుకుని ఊదుతూ ఉండాలి. అటెండెంట్ దగ్గరున్న మంచినీళ్ల సీసా నా కళ్లముందే నడుము దగ్గర సొట్టపోయింది. 2.8 అట్మాస్ఫియర్ల పీడనం, అంటే సముద్రంలో 18 మీటర్ల లోతుతో సమానం. కదలకుండా బెంచీ మీద కూర్చుని మళ్లీ అక్కడికే దిగానన్నమాట. బుడగలు ఆ పీడనానికి నలిగి చిన్నవవుతాయి, మాస్క్‌లోని ఆక్సిజన్ వాటిని కడిగేస్తుంది.

మొత్తం 4 గంటల 45 నిమిషాలు. అమెరికా నేవీ రాసిపెట్టిన పట్టిక, ఆరో నంబరుది, ప్రపంచంలో చాలాచోట్ల దాన్నే వాడతారు. ఇరవై నిమిషాలు ఆక్సిజన్, ఐదు నిమిషాలు మాస్క్ తీసి మామూలు గాలి. అంత పీడనంలో ఆక్సిజన్ ఏకబిగిన పీలిస్తే మూర్ఛ రావచ్చట. తర్వాత అర్ధగంట సేపు మెల్లగా తొమ్మిది మీటర్ల స్థాయికి తీసుకొచ్చి అక్కడ ఎక్కువసేపు ఉంచారు. రెండో ఆక్సిజన్ విడతలో అటెండెంట్ నా అరచేతిలో ఏదో పెట్టి కళ్లు తెరవకుండా చెప్పమన్నాడు. "బొత్తాం" అన్నాను. అంచు, మధ్యలో నాలుగు కన్నాలు. అన్నీ తెలిశాయి. ఏడుపొచ్చేసింది, మాస్క్ లోపల ముక్కు తుడుచుకోవడం కుదరదు.

బయటికి తెస్తున్నప్పుడు చాంబరంతా మంచుపొగ కమ్ముకుని చలి పుట్టింది. సీసా టప్పుమని మళ్లీ తన ఆకారానికొచ్చింది.

మరుసటి రోజు ఇంకో చిన్న విడత. చిటికెన వేలి కొసన మాత్రం కాస్త మొద్దుబారినట్టు ఉండిపోయింది, మూడు వారాలకి అదీ పోయింది. డాక్టరుగారు విమానం వెంటనే వద్దన్నారు. టికెట్లు మార్చుకుని పోర్ట్ బ్లెయిర్లోనే ఉండిపోయాం. కనుమ రోజు ఆ టెక్కలి ఆవిడ గారెలు పంపింది. ట్రావెల్ ఇన్సూరెన్స్ వాళ్లు మాత్రం 'సాహస క్రీడ' అని క్లెయిమ్ కొట్టేశారు. పాలసీ కాగితంలో పదకొండో పేజీలో ఉందట. తమ్ముడు డైవర్ల ఇన్సూరెన్స్ కట్టుకున్నాడు, నాకూ కట్టమని చెప్పాడు. ఆ డబ్బుతో చున్నీలు కొన్నాను.

ఆ డాక్టరుగారే ఇంకో మాట చెప్పారు. డైవ్‌లు పెద్ద మోటుగా లేవు, ఒక్కసారి వేగంగా లేచినా ఇంతగా కొట్టాల్సింది కాదు, చర్మం మీద ఆ వల లాంటి మచ్చలుంటే గుండె చూపించుకోవడం మంచిదన్నారు. మామూలుగా సిరల్లో వచ్చే చిన్న బుడగల్ని ఊపిరితిత్తులు వడగట్టేస్తాయి. కానీ పుట్టకముందు గుండె పై గదుల మధ్య ఒక తలుపు ఉంటుంది. పుట్టాక మూసుకోవాలి. దాదాపు నలుగురిలో ఒకరికి పూర్తిగా మూసుకోదు, బతికినంతకాలం వాళ్లకి తెలియను కూడా తెలియదు. బుడగలు ఆ సందులోంచి దూరితే వడపోత తప్పించుకుని నేరుగా ఒంట్లోకి పోతాయి.

విజయవాడ వచ్చి కార్డియాలజిస్టు దగ్గరికెళ్లాను. ఈసారి తెల్లకాగితం మీద డైవ్‌లు, టైములు, లక్షణాలు వరసగా రాసుకెళ్లి ముందు అదే బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, "ఎందుకండీ మీకీ సరదాలు" అన్నారు. అన్నా, పరీక్ష శ్రద్ధగా చేశారు. రెండు సిరంజిల మధ్య సెలైన్‌ని అటూ ఇటూ తోసి నురగ చేసి, చేతి నరంలోకి ఎక్కించి, నన్ను ఊపిరి బిగబట్టి ముక్కమన్నారు. వదలగానే ఎకో తెర మీద కుడివైపు గదిలో తెల్లటి మబ్బు. నాలుగైదు చుక్కలు ఎడమవైపుకి జారడం నేనే చూశాను. సోడా సీసా మూత తీసినప్పుడు లేచే బుడగల్లా.

గుండెకి ఇబ్బందేమీ లేదు, మామూలు జీవితానికి మందు కూడా అక్కర్లేదన్నారు. డైవింగ్ సంగతంటారా, మానేయడం ఒక దారి. లోతు, సమయం బాగా తగ్గించుకుని, రోజుకి ఒక్క డైవ్‌తో సరిపెట్టుకోవడం ఇంకో దారి. తొడ నరంలోంచి వెళ్లి ఆ తలుపు మూయించుకోవడం మూడోది. "మూడోది సరదా కోసం చేయించుకోవాలా అని ఆలోచించుకోండి" అన్నారు. మా ఆయన గదిలోంచి బయటికి రాకముందే మొదటిది ఖాయం చేసేశారు.

తమ్ముడు వచ్చే జనవరికి అప్పుడే టికెట్లు చూస్తున్నాడు. డైవింగ్ సెంటర్ ఆరోగ్య పత్రం నాక్కూడా పంపాడు. అందులో ఇదివరకు డికంప్రెషన్ సిక్‌నెస్, అంటే బెండ్స్, వచ్చిందా అని ఒక గడి ఉంది. కిందటేడు ఆ పత్రం అంతా 'లేదు' 'లేదు' అని అర నిమిషంలో గీకేశాను. ఈసారి ఆ ఒక్కచోట 'అవును' అని టిక్కు పెట్టి ఆగిపోయాను. దాని కింద డాక్టరు సంతకం కావాలి. ఆ కాగితం ప్రీఫైనల్ జవాబు పత్రాల కింద, సొరుగులో ఉంది.